ఆదికాండ సృష్టికథ : ‘స్వరూప’ శబ్ద తాత్పర్య విచారము

హెబ్రీ వేదమునందలి ప్రథమ గ్రంథమునకు దాని మొదటి పదమునుబట్టి ‘బెరేషీత్’ అని పేరు. తెలుగున అది ‘ఆదికాండము’గా ప్రసిద్ధము. రామాయణ కాండములను ఎరిగిన తెలుగువాని చెవికి ‘కాండ’ శబ్దము కొత్తది కాకపోవుటచే ఆ పేరు సుఖముగా నిలిచినది. ఈ గ్రంథపు తొలి మూడధ్యాయములలో సృష్టికథ కలదు. అందు నరసృష్టిని చెప్పుచోట తెలుగు అనువాదకులు ‘స్వరూపము’, ‘పోలిక’, ‘జీవాత్మ’ అను మూడు శబ్దములను ప్రయోగించిరి. వీనిలో మొదటిదియు మూడవదియు భారతీయ దర్శనములలో వేలయేండ్ల చర్చను మోసికొనివచ్చిన పారిభాషిక శబ్దములు. ఆ చర్చ హెబ్రీ మూలమున లేదు. తెలుగు పాఠకునికి మాత్రము ఆ శబ్దములు వినబడగానే ఆ చర్చయంతయు వినబడును. ఇందువలన కలిగిన లాభమెంత, నష్టమెంత యనునది విచార్యము.

కొత్తగూడెము, ఇల్లందు మొదలు రామగుండము, గోదావరిఖని వరకు వ్యాపించిన బొగ్గుగనుల ప్రాంతమున ఈ ప్రశ్న పండితగోష్ఠికి మాత్రమే చెందినది కాదు. ఇక్కడి ప్రజ గనిని ‘బొగ్గుబాయి’ అందురు. బాయిలోనికి దిగి పనిచేయువారిలో ఈ కథను పవిత్రగ్రంథముగా వినువారు కలరు. వారి పొరుగున నివసించుచు పురుషసూక్తమును వినువారును కలరు. దేవుని స్వరూపమున నరుడు నిర్మితుడయ్యెనని విన్నవానికి మూడు సందేహములు కలుగవచ్చును. తాను దేవుడే యని దాని అర్థమా? దేవుని పోలినవాడనని అర్థమా? దేవునివంటివాడు కాదగినవాడనని అర్థమా? మొదటిది ఐక్యమును, రెండవది సాదృశ్యమును, మూడవది సాధ్యమును చెప్పును. ఏ ఒక్కదానిని గ్రహించినను మనుష్యుని విలువ వేరువేరుగా తేలును. కనుక తాత్పర్యనిర్ణయము అవసరము.

తాత్పర్యనిర్ణయమునకు ముందు ఒక పూర్వపక్షమును పరిష్కరింపవలెను. ఈ కథ యథాశ్రుతముగా భూచరిత్రయే యనువారు కలరు. 17వ శతాబ్దమున ఐర్లండు దేశపు ప్రధాన మతాచార్యుడు జేమ్స్ అషర్ బైబిలునందలి వంశావళులను కూడి, సృష్టి క్రీస్తుపూర్వము 4004వ సంవత్సరమున జరిగెనని లెక్కవేసెను. ఆ అంకె చిరకాలము ఆంగ్ల బైబిళ్ల అంచులలో అచ్చగుచుండెను. 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు సమీపమున బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ హక్కులను పొందగా 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. ప్రాణహిత-గోదావరి లోయ శిలలనుగూర్చి కింగ్ 1881లో ఒక విపుల గ్రంథమును వెలువరించెను. ఈ లోయలోని బొగ్గు గోండ్వానా శిలాసముదాయమునకు చెందినది. నాలుకవంటి ఆకులు గల ‘గ్లాసోప్టెరిస్’ అను చెట్లు మున్నగు వృక్షసంపద సుమారు 25 కోట్ల నుండి 30 కోట్ల సంవత్సరముల క్రిందట పూడిపోయి ఇట్లు బొగ్గాయెను. అషర్ లెక్క నిలుచుటకు ఇల్లందు బాయిలో జానెడు చోటు లేదు.

ఇంతమాత్రమున ఆదికాండము తప్పిపోయినదనుట తొందరపాటు. ఆరు దినములను యథాశ్రుతముగా గ్రహింపరాదని చెప్పుటకు బొగ్గు అవసరమే లేదు, గ్రంథమే చెప్పుచున్నది. వెలుగు మొదటి దినమున కలిగినది. సూర్యచంద్రులు నాలుగవ దినమున గాని కలుగలేదు. సూర్యుడు లేని మూడు దినములకు సాయంప్రాతఃకాలములు ఎట్లు? ఈ ప్రశ్నను నాస్తికులు లేవదీసినదిగా కొందరు తలంతురు గాని, 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరపు క్రైస్తవాచార్యుడు ఓరిజెనే దీనిని లేవదీసి, ఈ కథకు గూఢార్థము కలదని నిర్ణయించెను. ఆలంకారికుల మాటలో ఇది ముఖ్యార్థబాధ. ముఖ్యార్థము పొసగనప్పుడు లక్షణ ప్రవర్తించును. గంగలో గొల్లపల్లె యన్నప్పుడు గంగాతీరమును గ్రహించునట్లే ఇదియు. గనికార్మికులను పత్రికలవారు ‘నల్ల సూరీళ్లు’ అందురు. అది విని ఆకాశమువైపు చూచువాడు లేడు.

ఇచట ఒక విషయము చెప్పి సాగవలెను. పురాణగణనమున బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల మానుష సంవత్సరములు. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ రెండంకెల సామీప్యమును చూపి, మన పురాణము గెలిచినదనియు హెబ్రీ పురాణము ఓడినదనియు సంతోషించు వ్యాసములు అప్పుడప్పుడు కనబడును. కల్పము భూమి వయస్సు కాదు, బ్రహ్మయొక్క పగలు. అంకెలు దగ్గరపడినంతనే పురాణము ప్రమాణమైనచో, అంకెలు దూరమైననాడు అది అప్రమాణము కావలసివచ్చును. అషర్ పడిన గోతిలోనే మరియొక వైపునుండి దిగుట పండితులకు తగదు.

యథాశ్రుతార్థమును విడిచినచో, ఆరు దినములలో ఒక చక్కని రచన కనబడును. తొలి మూడు దినములు విభాగమునకు చెందినవి. వెలుగు చీకటినుండియు, పైనీరు క్రిందినీటినుండియు, నేల సముద్రమునుండియు వేరుచేయబడినవి. తరువాతి మూడు దినములలో ఆ స్థానములు క్రమముగా నిండినవి. వెలుగునకు జ్యోతులు, నీటికిని ఆకాశమునకును జలచరములు, పక్షులు, నేలకు మృగములును నరుడును. ఒకటవది నాలుగవదానితోను, రెండవది అయిదవదానితోను, మూడవది ఆరవదానితోను జతపడుచున్నవి. ఇది కాలక్రమము కాదు, స్థానక్రమము. యజ్ఞశాలను ముందు కొలిచి, వేదిని ఏర్పరచి, పిదప పాత్రలను ఆసాదనము చేయుట ఎరిగినవారికి ఈ క్రమము వెంటనే బోధపడును.

ఈ రచనకు ముందున్న స్థితిని హెబ్రీమూలము ‘తోహు’, ‘బోహు’ అను జంటపదములతో చెప్పినది. పాడుపడి, వ్యవస్థలేక యుండుట వాని అర్థము. తెలుగు అనువాదకులు వీనికి ‘నిరాకారము’, ‘శూన్యము’ అను శబ్దములను ఎన్నుకొనిరి. నిరాకారము అనగా వేదాంతికి పరబ్రహ్మము తోచును. శూన్యము అనగా మాధ్యమిక బౌద్ధుని సిద్ధాంతము తోచును. పాపము, అనువాదకులు ఈ రెంటిలో దేనినీ తలచియుండరు. దానికి ప్రక్కనే యున్న ‘రూఅహ్’ శబ్దమునకు ‘ఆత్మ’ అని ఉంచుట మాత్రము గొప్ప అదృష్టము. రూఅహ్ అనగా గాలి, ఊపిరి, చైతన్యము కూడ. ఋగ్వేదమునందలి ప్రాచీన ప్రయోగములలో ఆత్మశబ్దమునకును శ్వాసార్థము కలదు. వాయుసూక్తమున వాతుడు దేవతల ఆత్మగా కీర్తింపబడెను. నీటిపై ఆ రూఅహ్ చేయు క్రియను చెప్పు హెబ్రీ ధాతువు ద్వితీయోపదేశకాండమున గ్రద్ద తన పిల్లలపై రెక్కలాడించుటను చెప్పుచోట మరల కనబడును. నాసదీయ సూక్తమున గాలిలేకయే తన శక్తిచే శ్వసించిన ‘ఆ ఒక్కటి’ని, దానికి ముందున్న గంభీరజలమునుగూర్చిన ప్రశ్నను ఎరిగినవారికి ఈ చిత్రము పరాయిది కాదు. భేదము కలదు. నాసదీయము ప్రశ్నతో ముగియును. ఆదికాండము ఆజ్ఞతో మొదలగును.

ఇక ప్రధానవిషయము. ‘స్వరూపము’ అని తెలుగైన హెబ్రీ శబ్దము ‘త్సెలెమ్’. చెక్కిన ప్రతిమ, విగ్రహము అని దాని స్థూలార్థము. హెబ్రీ గ్రంథములలోనే అన్యదేవతల విగ్రహములను చెప్పుటకును ఈ శబ్దము వచ్చినది. ప్రాచీన పశ్చిమాసియాలో రాజులు తమ ప్రతిమలను నిలిపి తమ అధికారమును ప్రకటించెడివారు. ఈజిప్టు, అసీరియా దేశములలో రాజును దేవుని ప్రతిమగా స్తుతించు వాడుకయు ఉండెను. అనగా దేవుని ప్రతిమ యను బిరుదు సింహాసనమునకు చెందినది. ఆదికాండము ఆ బిరుదమును సింహాసనమునుండి దించి, స్త్రీపురుషులతో కూడిన మనుష్యజాతికంతకు పంచిపెట్టినది.

మీమాంసకులు చెప్పిన తాత్పర్యలింగములలో అభ్యాసము, అపూర్వత, ఫలము అను మూడు ఇచట స్పష్టముగా కనబడును. నరసృష్టిని చెప్పు రెండే వాక్యములలో త్సెలెమ్ శబ్దము ముమ్మారు వచ్చినది. సృజించుటను చెప్పు ‘బారా’ క్రియ ఒక్క వాక్యమునందే ముమ్మారు వచ్చినది. హెబ్రీగ్రంథములందు ఈ క్రియ ఈ రూపమున దేవుడు కర్తగానే ప్రయుక్తమగును. ఇది అభ్యాసము. అపూర్వతను తెలియుటకు బాబిలోను దేశపు సృష్టికావ్యము ‘ఎనూమా ఎలిష్’ను ప్రక్కన పెట్టి చూడవలెను. ఆ కావ్యపు మట్టిపలకల కథను 1876లో జార్జి స్మిత్ ఆంగ్లమున ప్రకటించెను. అందు తిరుగబడిన దేవత యొకని వధించి, వాని రక్తమునుండి నరుని చేయుదురు. ఎందులకు? దేవతలు తాము చేయవలసిన కష్టమును నరునిపై మోపి విశ్రాంతి పొందుటకు. ఆదికాండమున దీనికి సరిగా విపర్యయము జరిగినది. నరుడు దేవుని బరువు మోయు కూలివాడు కాడు. పైగా దేవుని విశ్రాంతిదినము నరునికిని విశ్రాంతిదినమాయెను. నిర్గమకాండమున ఆ విశ్రాంతి దాసదాసీజనమునకును, పశువులకును చెప్పబడినది. గనులలో వారపుసెలవును ‘ప్లేడే’ అని వ్యవహరించు కార్మికునికి ఈ అపూర్వతను వివరించుటకు వ్యాఖ్యాత అక్కరలేదు.

ఫలమును గ్రంథమే తొమ్మిదవ అధ్యాయమున చెప్పినది. నరహత్య ఏల నిషిద్ధమనగా, హతుడు దేవుని ప్రతిమ కనుక. హతుడు పండితుడా, పుణ్యాత్ముడా, ఏ కులమువాడు అను విచారము అచట లేదు. కనుక ప్రతిమాత్వము గుణమునుబట్టి వచ్చునది కాదు, జన్మతః సిద్ధము.

ఇంత అర్థము గల త్సెలెమ్ శబ్దమునకు ‘స్వరూపము’ సరియగునా? సంస్కృత శాస్త్రములలో స్వరూపమనగా వస్తువుయొక్క నిజరూపము. బ్రహ్మమునకు స్వరూపలక్షణమును తటస్థలక్షణమును వేరుగా చెప్పుటలోను, యోగశాస్త్రమున ద్రష్ట స్వరూపమున నిలుచుటను చెప్పుటలోను ఉన్నది ఈ అర్థమే. కాబట్టి దేవుని స్వరూపమున నరుడనగా అద్వైతి వినునది సాదృశ్యము కాదు, తాదాత్మ్యము. ప్రతిమకును ప్రతిమేయమునకును గల దూరము ఈ శబ్దమున మాయమైనది. ‘ప్రతిమ’ అని యుంచినచో మూలమునకు దగ్గరగా నుండెడిది. అయినను అదే గ్రంథము ప్రతిమారాధనమును గట్టిగా నిషేధించినది గదా. దేవునికి ప్రతిమ కలదని మొదటి అధ్యాయముననే తెలుగున వ్రాయుటకు చేయి ఆడకపోవుట ఊహింపదగినదే. హెబ్రీలో ఆ విరోధము విరోధముగానే నిలిచి గొప్ప అర్థమునిచ్చుచున్నది. దేవునికి రాతి ప్రతిమ ఏల కూడదు? సజీవప్రతిమ ముందే కలదు కనుక. ఈ వ్యంగ్యము తెలుగున జారిపోయినది.

తెలుగున బైబిలు అనువాదము 18వ శతాబ్దమున బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీతో మొదలైనది. ఆయన అనువాదము అచ్చుపడలేదు. 19వ శతాబ్దమున విశాఖపట్టణమున లండను మిషనువారును, శ్రీరాంపురమున కేరీ వర్గమువారును కృషిచేసిరి. తరువాతి కాలమున జాన్ హే మున్నగువారు పాఠమును సవరించిరి. వీరికి సహాయపడినవారిలో సంస్కృతము నేర్చిన తెలుగు పండితులు ఉండిరి. వేదాంతశబ్దములు అనువాదమున ప్రవేశించుట ఆ సహవాసఫలమే కావలెను. దీనిని లోపమని త్రోసిపుచ్చరాదు. పరభాషా గ్రంథము తెలుగున నిలువవలెనన్నచో తెలుగువాని మనస్సులో ముందే ఉన్న శబ్దములపైననే నిలువవలెను.

రెండవ అధ్యాయపు నరసృష్టి వేరొక రీతిది. దేవుడు కుమ్మరివలె మట్టిని మలచి నాసికలలో ఊపిరి ఊదును. హెబ్రీలో నరుడు ‘ఆదామ్’, నేల ‘అదామా’. శబ్దసామ్యముననే అర్థము ఇమిడియున్నది, నరుడు నేలబిడ్డ. తెలుగున ఈ శ్లేష రాదు. ఊపిరి పొందిన నరుడు హెబ్రీలో ‘నెఫెష్ హయ్యా’ ఆయెను. దీనికి తెలుగున ‘జీవాత్మ’ అని వచ్చినది. జీవాత్మ అనగానే పరమాత్మ యను ప్రతియోగి వెంటవచ్చును. దేహముకంటె వేరైన నిత్యతత్త్వము స్ఫురించును. కాని ఇదే నెఫెష్ హయ్యా శబ్దము మొదటి అధ్యాయమున చేపలకును, మృగములకును వాడబడినది. అచట అనువాదకులు జీవము గలవి యను అర్థము వచ్చు మాటలు వ్రాసి, నరునివద్ద మాత్రము జీవాత్మ యనిరి. మూలమున ఒకటియైనది తెలుగున రెండాయెను. మూలము చెప్పునది ఇది : నరుడు ప్రాణియగుటలో పశువులతో సముడు; అతని విశేషము ఆ శబ్దమున లేదు, ఊదిన విధమునందు కలదు. పశువులను నేల పుట్టించినది. నరునికి దేవుడు ముఖమునకు ముఖము చేర్చి ఊపిరినిచ్చెను.

దీనికి అత్యంత సన్నిహితమైన భారతీయ సందర్భము ఐతరేయోపనిషత్తున కలదు. నివాసమును కోరిన దేవతలకు ఆత్మ మొదట గోవును, పిదప అశ్వమును తెచ్చి చూపగా అవి చాలవనిరి. పురుషుని తేగా చక్కగా చేయబడినదని సంతసించి అందు ప్రవేశించిరి. చివరకు ఆత్మయే శిరస్సుయొక్క సంధిని చీల్చికొని లోపల ప్రవేశించెను. ఆదికాండమున ఊపిరి నాసికనుండి, ఐతరేయమున ఆత్మ మూర్ధమునుండి. రెండుచోట్లను దేహము సిద్ధమైన పిదప దైవము లోనికి వచ్చుట సమానము. అయితే ఐతరేయమున వచ్చినది దాత తానే. ఆదికాండమున వచ్చినది దాత ఇచ్చిన ఊపిరి. ఈ సన్నని గీటు తుడిచివేసినచో రెండు గ్రంథములకును అన్యాయము జరుగును. స్త్రీసృష్టియందును ఇట్టి సామ్యమే కలదు. ‘ప్రక్కటెముక’ అని తెలుగైన ‘త్సేలా’ శబ్దమునకు ప్రక్క, పార్శ్వము అనియు అర్థము. మందిరపు ప్రక్కలను చెప్పుటకు అదే శబ్దము వాడబడినది. ఒక్కటిగా ఉన్న పురుషాకారము రెండై పతిపత్నులైరని బృహదారణ్యకము చెప్పుట స్మరణీయము. ఆ వెలుగున చూచినచో స్త్రీ పురుషునిలోని ఎముక కాదు, సగము.

మనుష్యుని దివ్యత్వము సిద్ధమా, సాధ్యమా యను ప్రశ్నకు క్రైస్తవాచార్యులలో మొదట సమాధానము చెప్పినవారిలో 2వ శతాబ్దపు ఇరేనియస్ ముఖ్యుడు. త్సెలెమ్ జన్మతో వచ్చునదనియు, ‘దెమూత్’ అనగా పోలిక, దైవానుగ్రహముచే ఎదిగి పొందవలసినదనియు ఆయన విభజించెను. ఈ విభాగము మనోహరము. కాని హెబ్రీ వ్యాకరణము దీనిని సమర్థింపదు. అయిదవ అధ్యాయమున దేవునినిగూర్చి దెమూత్ ఒక్కటే వచ్చినది. ఆదాము తన కుమారుని కనుటను చెప్పుచోట రెండు శబ్దములును తారుమారైన క్రమమున వచ్చినవి. కావున ఇవి ప్రాయశః పర్యాయములు. శబ్దమునుండి కాక, విధివాక్యములనుండి సాధ్యాంశమును సాధింపవలెను. ప్రతిమగా చేసిన వెంటనే నరునికి ఆజ్ఞలు ఈయబడినవి. సిద్ధవస్తువునకు విధి ఎందులకు? రెండవ అధ్యాయమున తోటయందు నరుని ఉంచి అతనికి చెప్పిన పనులు రెండు. సేద్యము చేయుట, కాపాడుట. గనులవారు మొదటిదానిని బాగుగ ఎరుగుదురు. ఓపెన్‌కాస్టు గనుల ప్రక్క పేరుకొన్న మట్టిగుట్టలను చూచినవారు రెండవదాని ఆవశ్యకతను ఎరుగుదురు.

ఈ సిద్ధసాధ్యములను తెలుగుదేశమున ఇద్దరు మహనీయులు చెరియొక వైపునుండి పట్టుకొనిరి. నెల్లూరున జన్మించి, పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పండిపెద్ది చెంచయ్య (1886–1959) వారిలో ఒకరు. 1938లో మద్రాసు సమీపమున తాంబరమున జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభ సందర్భమున వెలువడిన ‘భారతదేశమున క్రైస్తవ పునర్విచారము’ అను ఆంగ్లగ్రంథ రచయితలలో ఆయన ముఖ్యుడు. క్రీస్తు నూతనసృష్టికి ఆదిపురుషుడనియు, పవిత్రాత్మ లోకమున దిగిన కొత్త సృజనశక్తి యనియు, ఆ శక్తిచే నరజాతి తన ప్రస్తుతస్థితిని దాటి ఎదుగగలదనియు ఆయన సిద్ధాంతము. దానిని ఆత్మయోగమనిరి. కుంభకోణమున యోగమార్గమును ప్రవర్తింపజేసిన మాస్టర్ సి.వి.వి. ఉపదేశములును, అరవిందుల తత్త్వమును చెంచయ్యగారిపై ప్రభావము చూపినవి. ఆదికాండమున నీటిపై ఆడిన ఆత్మ పని ముగియలేదనుట ఈ సిద్ధాంతమునకు మూలమని చెప్పవచ్చును.

రెండవవారు డోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య (1874–1945). తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చి తెలుగుసీమకే అంకితమయ్యెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్ అయ్యెను. డోర్నకల్ చిన్న ఊరే గాని రైలు కూడలి. కారేపల్లి మీదుగా ఇల్లందునకును, భద్రాచలం రోడ్డు అను పేరుగల కొత్తగూడెము స్టేషనునకును పోవు మార్గము అచటనే చీలును. 1939లో ప్రతిష్ఠితమైన అచటి దేవాలయమున హిందూ, మహమ్మదీయ శిల్పరీతులు కలసియుండుట ప్రసిద్ధము. అజరయ్య ఉద్యమమున చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులములవారు. ఊరిబావి, ఊరిగుడి, ఊరిబడి దూరమైనవారు. వారి చెవిని ఆదికాండపు మొదటి అధ్యాయము పడినప్పుడు అది యోగసిద్ధాంతముగా పడలేదు. మీరు ముందే ప్రతిమలు, ఎవరును ఈయనక్కరలేదు అను వార్తగా పడినది.

ఇచట పురుషసూక్తమును తలవక తప్పదు. విరాట్పురుషుని ముఖబాహూరుపాదములనుండి నాలుగు వర్ణములు చెప్పబడినవి. ఇదియు ప్రతీకమే, ఒకే దేహమున అంగములు గనుక పాదమునకు ముఖమునకు ప్రాణము ఒక్కటే యని సమన్వయించిన వ్యాఖ్యాతలు కలరు. ఆ సమన్వయము శాస్త్రీయముగా సాధువు. కాని అంగములకు తారతమ్యమును ఆరోపించి, దానిని ఊరి పొలిమేరలో గోడగా కట్టినది లోకాచారము. పండితులు పెక్కుతరములు దానిని చూచుచు ఊరకుండిరి. అయిదవవానికి ఆ సూక్తమున అంగమే చెప్పబడలేదు. పాదముకూడ దొరకనివాడు ‘స్వరూపము’ అను మాటను విని లేచి నిలుచుటలో ఆశ్చర్యమేమి? ప్రాచ్యవిద్యను బోధించువారు ఈ ప్రశ్నను మతాంతరీకరణ వివాదమని ప్రక్కకు నెట్టుట ఉచితము కాదు. అది శబ్దార్థవిచారములోనిదే.

చెంచయ్యగారి దృష్టి ఉన్నతము. సాధ్యమునే ముందుంచినప్పుడు మాత్రము ఒక ప్రమాదము కలదు. ఎదిగినవాడు పూర్ణనరుడు, ఎదుగనివాడు అపూర్ణనరుడు అను తారతమ్యము మరల వెనుకద్వారమున ప్రవేశించును. ఈ ప్రమాదమును ఆదికాండమే మూడవ అధ్యాయమున చూపినది. సర్పము స్త్రీకి ఆశచూపినదేమి? ఫలమును తిన్నచో దేవతలవంటివారగుదురని. దేవుని పోలికగా చేయబడినవారికే దేవుని పోలిక కాగలరని చెప్పి మోసగించినది. మెడలోనే ఉన్న బంగారుహారమును మరచి ఊరంతయు వెదకిన స్త్రీనిగూర్చి వేదాంతులు కంఠచామీకరన్యాయమును చెప్పుదురు. ఏదెను తోటలో జరిగినది అదే. అయితే వేదాంతమున మరపు తొలగినంతనే పని ముగియును. ఆదికాండమున మరపువలన సంబంధము చెడినది, అది చక్కబడవలెను. కావున సిద్ధమును ముందెరుగనివాని సాధనము దొంగతనమగును. ఎరిగినవాని సాధనము సేద్యమగును. అజరయ్యగారి మార్గమునకు క్రమమున ప్రాథమ్యము ఈయవలసినది ఇందులకే. చెంచయ్యగారి మార్గము దానిపై నిలుచును.

సాధ్యాంశమునకు గ్రంథముననే రెండు సూక్ష్మసంకేతములు కలవు. సృష్టిలో పెక్కుచోట్ల వస్తువు కలిగిన పిదప అది మంచిదని దేవుడు చూచినట్లు చెప్పబడినది. ఆరవ దినమున మృగములనుగూర్చియు ఆ మాట వచ్చినది. నరునినిగూర్చి మాత్రము విడిగా ఆ మాట లేదు. సమస్తమును కలిపి చెప్పిన చివరి ప్రశంసలోనే అతడు చేరియున్నాడు. మృగము పుట్టుకతోనే సంపూర్ణమనియు, నరుడు పుట్టిన పిదప కావలసినది ఉన్నవాడు గనుక అట్లు మౌనము వహింపబడెననియు 15వ శతాబ్దపు యూదపండితుడు యోసేఫ్ ఆల్బో వ్యాఖ్యానించెను.

రెండవది ఏడవ దినమునకు చెందినది. ఆరు దినములకును సాయంకాలము, ఉదయము చెప్పి ముగింపు పలికిన గ్రంథము ఏడవదానికి ఆ ముగింపు పలుకలేదు. 4, 5 శతాబ్దముల సంధిలోని అగస్టీను ఈ లోపమును గమనించి, అది లోపము కాదనియు, ఆ దినమునకు సాయంకాలము లేదనియు వ్రాసెను.